చేతులతో చూసే మ్యూజియం

అమెరికాలోని శాన్‌హోజే నడిబొడ్డున, గ్వాడలూపే నది పక్కనే, వంగపండు రంగు భవనం ఒకటి ఉంటుంది. కోణాలు తేలిన పెద్ద పెద్ద గోడలు, వాటన్నిటికీ అదే రంగు. కారు మలుపు తిరిగేసరికే వెనక సీట్లోని పిల్లలు కేకలు మొదలుపెడతారు. మెక్సికో వాస్తుశిల్పి రికార్డో లెగొరెటా రూపకల్పన అది. 1990లో తెరిచారు. పేరు చిల్డ్రన్స్ డిస్కవరీ మ్యూజియం. ముందున్న వీధి పేరు ‘వాజ్ వే’. ఆపిల్ వ్యవస్థాపకుల్లో ఒకరైన స్టీవ్ వాజ్నియాక్ ఈ మ్యూజియానికి ఇచ్చిన విరాళానికి కృతజ్ఞతగా ఊరు ఆ పేరు పెట్టుకుంది.

సెలవు రోజు పొద్దున అక్కడ కాసేపు నిలబడితే తెలుగు వినపడకుండా ఉండదు. ‘చెయ్యి వదలకు నాన్నా’, ‘ముందు ఆ పాలు తాగెయ్’, ‘అమ్మమ్మ దగ్గర ఉండు, టికెట్లు తీసుకొస్తా’... సన్నీవేల్, ఫ్రీమాంట్, మిల్పిటస్‌లలో కాపురాలుంటున్న మన పిల్లలు, వాళ్ల పిల్లలు, వాళ్లను చూసుకోవడానికి విజిటర్ వీసా మీద వచ్చిన తాతయ్యలూ నానమ్మలూ. అమెరికా వచ్చిన పెద్దవాళ్లను గోల్డెన్ గేట్ వంతెనకు ఎలాగూ తీసుకెళ్తారు. నన్నడిగితే మనవలున్న ఇంటికి వచ్చినవాళ్లు దానికన్నా ముందు చూడాల్సింది ఈ మ్యూజియమే. చిన్నపిల్లల బుర్ర ఎలా పనిచేస్తుందో పక్కన కూర్చుని కళ్లారా చూడగలిగే చోటు ఇంకొకటి నాకు తెలియదు.

మా అమ్మాయి వాళ్లది సన్నీవేల్. మనవరాలికి ఐదేళ్లు. మనవడికి మూడు నిండాయి.

లోపలికి అడుగుపెట్టగానే పెద్దవాళ్లకు కాస్త తికమకగా ఉంటుంది. అద్దాల పెట్టెలు, తాళ్ల అడ్డుకట్టలు కనపడవు. ‘ముట్టుకోరాదు’ అన్న బోర్డు లేదు. ఒక పక్క నిజమైన ఫైరింజన్, ఇంకో పక్క నిజమైన అంబులెన్స్. పిల్లలు ఎక్కి స్టీరింగ్ తిప్పుతుంటారు. పాకే వయసు పిల్లలకు విడిగా ఒక మెత్తటి గది. వెనకవైపు 2017లో తెరిచిన ఆరుబయలు ఆటస్థలం, అందులో చెట్లూ మట్టీ. వీటన్నిటి మధ్య నాలుగడుగులు వేయగానే మా మనవడు నీళ్ల చప్పుడు విన్నాడు. అంతే, ఇక వాణ్ని కదపడం ఎవరి తరమూ కాలేదు.

నీళ్లలో బంతి

ఆ విభాగం పేరు వాటర్‌వేస్. పిల్లల నడుము ఎత్తున పొడవాటి తొట్లు. వాటిలో పారే నీళ్లు, గొట్టాలు, పైకి చిమ్మే ధారలు, తేలే బంతులు. తడవకుండా చూసుకోవాలని ఇంట్లో అనుకున్న మాటలన్నీ అక్కడే కొట్టుకుపోతాయి.

వాడు ఒక బంతిని ధార మీద పెట్టాడు. పడిపోయింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ పడింది. ఈసారి చేతులు నెమ్మదిగా తీశాడు. బంతి కాసేపు నిలబడి, తిరిగి, జారిపోయింది. వాడు దాన్ని పట్టుకుని ధారలోకి తొంగి చూశాడు. ముఖం నిండా నీళ్లు. తుడుచుకోకుండానే అరచేతితో ధారను మూశాడు. నీళ్లు పక్కలకు చిమ్మి నా చీర తడిసింది. చెయ్యి తీశాడు, ధార లేచింది. మూశాడు, ఆగింది. ఆ తరవాత చాలాసేపు వాడు చేసిన పని అదొక్కటే. మధ్యలో ఒకసారి బంతిని కూడా మర్చిపోయి, అరచేతిని సగమే మూసి చూశాడు. ధార సన్నబడి ఇంకా దూరం వెళ్లింది. అప్పుడు వాడి ముఖంలో కనిపించింది ఆటలో గెలిచిన సంబరం కాదు. ఏదో ఆచూకీ దొరికిన మనిషి ముఖం అది. మిగతావన్నీ అలాగే ఉంచి ఒక్క దాన్ని మార్చి చూడటమంటే ప్రయోగమే. దాన్ని మూడేళ్లవాడికి ఎవరూ నేర్పలేదు.

చుట్టూ ఉన్న తల్లిదండ్రుల నోట ఒకటే మాట: ‘పదరా, అవతల ఇంకా బోలెడున్నాయి’. అన్ని భాషల్లోనూ అదే అంటున్నారు. టికెట్ డబ్బులు పెట్టి వచ్చాం, అన్నీ చూపించాలి కదా అని మనకుంటుంది. తిరుపతి వెళ్లి ఒక్క గుడే చూసి వచ్చినట్టు వెలితిగా అనిపిస్తుంది. కానీ మూడేళ్లవాడికి మ్యూజియం మొత్తం ఒక విషయం కాదు, ఆ ధార ఒక్కటే ఒక విషయం. దాని దగ్గర వాడు నేర్చుకుంటున్నది, ఇరవై విభాగాల ముందు నుంచి చెయ్యి పట్టుకుని లాక్కెళ్తే దక్కదు. కాబట్టి ఆగితే ఆగనివ్వండి. పక్కన కుర్చీ ఉంటుంది, కూర్చోండి.

పొడి చెయ్యి, తడి చెయ్యి

మనవరాలి దారి వేరు. ఆమెకు సబ్బు బుడగల దగ్గర స్థిరపడాలని ఉంది. అక్కడ పెద్ద పెద్ద చట్రాలను సబ్బునీళ్లలో ముంచి లేపితే మనిషి ఎత్తు పొర లేస్తుంది. చిన్న వలయాలతో బుడగలు ఊదొచ్చు.

‘అమ్మమ్మా, నేను ముట్టుకుంటే పగిలిపోతోంది. ఆ అక్క ముట్టుకుంటే పగలట్లేదు!’

పక్కనున్న పదేళ్ల పిల్ల మోచేతి దాకా చేతిని పొరలోకి దూర్చి, వేళ్లు అవతల ఆడిస్తోంది. నాకు జవాబు తెలుసు. చెప్పాలని నాలుక చివరి దాకా వచ్చింది. ‘ఆ అక్క చేతికీ నీ చేతికీ తేడా ఏముందో చూడు’ అని మాత్రం అన్నాను. ఆమె వెళ్లి ఆ పిల్ల చేతిని పట్టుకుని మరీ చూసింది. ‘జిగటగా ఉంది’ అంది. తన చేతిని సబ్బునీళ్లలో ముంచి, ఒక్క వేలు పెట్టి చూసింది. పగల్లేదు. రెండు వేళ్లు. అరచెయ్యి. ఆఖరికి మోచెయ్యి. తరవాత చెయ్యిని గౌనుకి తుడుచుకుని మళ్లీ పెట్టింది. టప్పున పగిలింది. సరిచూసుకుంటోందన్న మాట!

ఇప్పుడు చెప్పొచ్చు. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా లాక్కుంటాయి. అందుకే ఉత్త నీళ్లతో అంత పొర నిలవదు, ముద్దగా చుట్టుకుపోతుంది. సబ్బు కలిస్తే ఆ పట్టు కాస్త సడలి, పొర సాగడానికి వీలవుతుంది. తడి చెయ్యి తగిలితే చేతి మీది నీళ్లూ పొరలోని నీళ్లూ ఒకటైపోతాయి. పొడి చెయ్యి ఆ పొరను చీల్చేస్తుంది. ఐదేళ్ల పిల్లకు ఇంత అక్కర్లేదు. ‘తడికి తడి స్నేహం’ అని చెప్పాను. దానికి సరిపోయింది. ఆ పొరలో తిరిగే రంగుల గురించి తనే అడిగింది. పైభాగంలో రంగులు మాసిపోయి నల్లగా, ఏమీ లేనట్టు కనిపించిన కొద్ది క్షణాలకే పొర పగులుతుందని ఇద్దరం కలిసి కనిపెట్టాం. నీళ్లు కిందికి జారి పైన పొర పలచబడుతుంది. దాని మందాన్ని బట్టే రంగులు మారతాయి. పలచదనం బాగా ఎక్కువైనప్పుడు రంగు కూడా మిగలదు. తరవాత ఆమె ప్రతి పొర దగ్గరా నిలబడి ‘ఇప్పుడు... ఇప్పుడు పగులుద్ది’ అని జోస్యం చెప్పడం మొదలుపెట్టింది. చాలాసార్లు నిజమైంది కూడా.

ఇదే మ్యూజియంలో బుడగలే కాదు, ఏనుగులకు పెద్దన్నలాంటి జంతువు కథా ఉంది. 2005లో ఈ గ్వాడలూపే ఒడ్డునే కుక్కతో నడుస్తున్న ఒకాయనకు మట్టిలోంచి పొడుచుకొచ్చిన దంతాలు కనిపించాయి. తవ్వితే తేలింది, మంచుయుగం నాటి కొలంబియన్ మామత్ పిల్ల అని. నది పేరు మీదే దానికి లూపే అని ముద్దుపేరు పెట్టారు. 2011 నుంచి ఆ ఎముకల కథ చుట్టూ పెద్ద ప్రదర్శన నడిపారు. ఊళ్లో మామూలు మనిషి కంట పడిన ఎముక పిల్లల మ్యూజియానికి చేరిందంటే, ‘నీకూ దొరకొచ్చు’ అని పిల్లలకు చెప్పినట్టే.

ఎవరు మొదలుపెట్టారు?

పిల్లల కోసమే మ్యూజియం అన్న ఆలోచనకు నూట పాతికేళ్లు దాటాయి. ప్రపంచంలో మొదటిది న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో 1899 డిసెంబరులో తెరిచారు. బోస్టన్‌లో 1913లో సైన్సు టీచర్లు కలిసి మరొకటి పెట్టుకున్నారు. కానీ ఇప్పుడు మనం చూస్తున్న రూపానికి దారి తీసింది 1960లలో ఇద్దరు.

ఒకరు మైకేల్ స్పాక్. పిల్లల పెంపకం మీద 1946లో వచ్చి ప్రపంచమంతా చదివిన పుస్తకం రాసిన డాక్టర్ బెంజమిన్ స్పాక్ కొడుకు. చదవడం, అక్షరాలు పట్టుబడటం ఆయనకు చిన్నప్పుడు చాలా కష్టమయ్యేది. 1962లో, ముప్పై ఏళ్లు నిండకముందే, బోస్టన్ చిల్డ్రన్స్ మ్యూజియానికి డైరెక్టరయ్యారు. రోజూ వాడే వస్తువులను నిలువునా కోసి లోపల ఏముందో చూపించే ప్రదర్శన పెట్టించారు. అద్దాల బీరువాలు తీయించి వస్తువులను పిల్లల చేతికిచ్చారు. పుస్తకం దగ్గర వెనకబడిన పిల్లవాడు వస్తువు దగ్గర వెనకబడడని ఆయనకు అనుభవం మీద తెలుసు.

రెండో మనిషి ఫ్రాంక్ ఓపెన్‌హైమర్. సినిమా పుణ్యమా అని అన్నగారు రాబర్ట్ పేరు ఇప్పుడు అందరికీ తెలుసు. తమ్ముడూ భౌతికశాస్త్రవేత్తే. ఒకప్పటి కమ్యూనిస్టు పార్టీ సభ్యత్వం కారణంగా 1949లో విశ్వవిద్యాలయం ఉద్యోగం పోయింది. కొలరాడోలో పశువుల్ని పెంచుకుంటూ బతికారు. తరవాత అక్కడి చిన్న ఊళ్లో హైస్కూలు పిల్లలకు సైన్సు చెప్పారు. చేతికి దొరికిన యంత్రాలు విప్పి చూపిస్తూ చెప్పిన ఆ పాఠాలే 1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎక్స్‌ప్లొరేటోరియంగా మారాయి. ఆయన చేసిన గొప్ప పని ఇంకొకటుంది. తమ మ్యూజియంలోని వస్తువుల్ని ఎలా తయారుచేయాలో కొలతలతో సహా ‘కుక్‌బుక్’ పేరుతో అచ్చువేసి, ఎవరైనా చేసుకోండి అన్నారు. దేశదేశాల సైన్సు కేంద్రాల్లో కనిపించే చాలా ప్రదర్శనలకు మూలం ఆ పుస్తకాల్లో ఉంది.

పెద్దవాళ్ల నోరు, పెద్దవాళ్ల చెయ్యి

ఈ మ్యూజియాల్లో పిల్లలు ఏం చేస్తారన్నదానికన్నా పక్కనున్న పెద్దలు ఏం చేస్తారన్నదే నాకు ఎక్కువ ఆసక్తి కలిగించింది. దాని మీద పరిశోధనలూ గట్టివే ఉన్నాయి.

2011లో ఎలిజబెత్ బొనవిట్జ్, లారా షుల్జ్, వాళ్ల సహచరులు ఒక బొమ్మ తయారుచేశారు. దానికి నాలుగు రహస్యాలు: ఒక గొట్టం లాగితే కీచుమంటుంది, ఒకచోట లైటు వెలుగుతుంది, ఒకచోట స్వరాలు పలుకుతాయి, ఒక గొట్టం లోపల అద్దం ఉంటుంది. బడికింకా వెళ్లని కొందరు పిల్లలకు ‘ఇదిగో, ఇలా చేస్తే కీచుమంటుంది చూడు’ అని పాఠం చెప్పినట్టు చూపించారు. ఇంకొందరి ముందు, పొరపాటున చెయ్యి తగిలి మోగినట్టు నటించారు. పాఠం విన్న పిల్లలు ఆ కీచు చప్పుడుతోనే ఎక్కువసేపు ఆడారు, మిగతావాటి జోలికి తక్కువ వెళ్లారు. పాఠం లేని పిల్లలు వెతుక్కుంటూ పోయి ఎక్కువ కనిపెట్టారు. పెద్దాయన చూపించింది ఒక్కటే కాబట్టి ఇందులో ఉన్నది ఒక్కటే అనుకోవడం పిల్లల తెలివే. లోపం మన తొందరలో ఉంది.

మరి ఏమీ చెప్పకుండా ఊరుకోవాలా? ఇక్కడే రెండో అధ్యయనం గుర్తుపెట్టుకోవాలి. అది జరిగింది ఈ శాన్‌హోజే మ్యూజియంలోనే. కెవిన్ క్రౌలీ, మౌరీన్ క్యాలనన్ బృందం ఇక్కడికొచ్చిన కుటుంబాల మాటల్ని సహజంగా జరుగుతున్నప్పుడే నమోదు చేసి, 2001లో ప్రచురించింది. ఎనిమిదేళ్ల లోపు పిల్లలు. ‘ఇది ఇలా తిప్పు’, ‘అటు చూడు, పైకి లేచింది’ లాంటి మాటలు కొడుకులకూ కూతుళ్లకూ సమానంగానే చెప్పారు. కానీ ‘ఎందుకలా అయింది’ అనే వివరణ దగ్గరికొచ్చేసరికి అమ్మాయిలకన్నా అబ్బాయిలకు మూడింతలు ఎక్కువగా చెప్పారు. ఆ తల్లిదండ్రులెవరూ ఆడపిల్లని చిన్నచూపు చూసేవాళ్లు కాకపోవచ్చు. తెలియకుండానే జరిగిపోయింది. పిల్లలకు బడిలో సైన్సు పాఠాలు మొదలవకముందే, సైన్సు టీచరు ముఖం చూడకముందే జరిగిపోయింది.

ఇది చదివాక నేను చాలాసేపు ఆలోచించాను. మన ఇళ్లలో ‘అబ్బాయి బుర్ర ఇంజినీరు బుర్ర’ అనే మాట ఎంత తేలిగ్గా వస్తుందో, అమ్మాయి విషయంలో ‘ఎంత ఓపికగా ఆడుకుంటోందో’ దగ్గరే ఎలా ఆగిపోతామో మనందరికీ తెలుసు. రెండు అధ్యయనాలనూ కలిపి చూస్తే ఒక పద్ధతి దొరుకుతుంది. ముందు పిల్లల్ని తమంతట తాము చెయ్యనివ్వాలి. వాళ్లు ఏదో కనిపెట్టి మన వైపు తిరిగినప్పుడు, ‘ఎందుకంటావ్?’ అని అడిగి, తరవాత మనకు తెలిసింది ఒకటి రెండు వాక్యాల్లో చెప్పాలి. ఆడపిల్లకూ మగపిల్లాడికీ ఒకే కొలత. మనకు తెలియనిదైతే ‘నాకూ తెలీదు, చూద్దాం పద’ అంటే చాలు. తాతయ్యలకూ అమ్మమ్మలకూ ఈ పని బాగా చేతనవుతుందని నా నమ్మకం. వాళ్లకు టైముంటుంది.

వెళ్లే ముందు

చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లు తలుపులు తీసే వేళకు చేరుకోవడం మంచిది. నిద్ర వేళ దగ్గర పడ్డాక ఎంత మంచి మ్యూజియమైనా ఏడుపుతోనే ముగుస్తుంది. రెండు జతల బట్టలు, సాక్సులు, ఒక తువ్వాలు తప్పనిసరి. ఇద్దరు పిల్లలుంటే ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి. మూడేళ్లవాడి వేగం ఐదేళ్లదానికి నప్పదు, కలిపి తిప్పితే ఇద్దరికీ అన్యాయమే. బయల్దేరదీయడం అన్నిటికన్నా కష్టం. ‘ఇక చాలు’ అంటే వినరు. ‘ఇంకో రెండుసార్లు చేసి వెళ్దాం, నువ్వే లెక్కపెట్టు’ అంటే మా ఇంట్లో పనిచేసింది. ఫోటోలు మొదటి పది నిమిషాల్లో తీసేసుకుని ఫోను సంచిలో పెట్టేయండి.

అమెరికాలో ఉన్నవాళ్లకు ఖర్చు గురించి ఒక మాట. చాలా ఊళ్లలో పబ్లిక్ లైబ్రరీ కార్డు మీద మ్యూజియం పాసులు ఇస్తారు, అడగండి. ప్రభుత్వ ఆహార సాయం కార్డున్న కుటుంబాలకు మూడు డాలర్లకో ఉచితంగానో ప్రవేశమిచ్చే ‘మ్యూజియమ్స్ ఫర్ ఆల్’ పథకం 2014 నుంచి దేశమంతటా ఉంది. డబ్బున్న ఇంటి పిల్లలకే బుడగలు దక్కకూడదని ఎవరో పట్టుబట్టి ఆలోచించిన పథకమది.

మన దగ్గరో?

ఏమీ లేదనడం అన్యాయం. 1978లో ఏర్పడిన జాతీయ సైన్స్ మ్యూజియాల మండలి దేశమంతటా కేంద్రాలు నడుపుతోంది. తిరుపతిలో అలిపిరి దారిలో ఉన్న రీజనల్ సైన్స్ సెంటర్ 1993 నాటిది. కొండకు వెళ్లే లక్షలాది కుటుంబాల్లో ఎంతమంది అక్కడ ఆగుతారో మరి! హైదరాబాద్ నౌబత్ పహాడ్ మీద బిర్లా ప్లానెటేరియాన్ని 1985లో ఎన్టీ రామారావు ప్రారంభించారు. దాని పక్కన సైన్స్ మ్యూజియం, అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లిలో దొరికిన కోటసారస్ డైనోసార్ అస్థిపంజరం ఉన్నాయి. మన నేల మీద తిరిగిన జంతువు అది. చూపించని అమ్మానాన్నలుంటే ఈ సెలవుల్లో తీసుకెళ్లాలి. 1999లో మొదలైన అగస్త్య ఫౌండేషన్ కుప్పం దగ్గర 172 ఎకరాల ప్రాంగణంలో పల్లెటూరి బడిపిల్లలకు చేతులతో సైన్సు నేర్పుతోంది. సైన్సు సామాను వ్యాన్లలో వేసుకుని ఊళ్లకు వెళ్తోంది. ముంబయిలో 2023లో పిల్లలకోసమే మ్యూజియం ఆఫ్ సొల్యూషన్స్ తెరుచుకుంది.

అయితే వీటిలో చాలావరకు బడికెళ్లే వయసు పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని కట్టినవి. అక్షరాలు రాని మూడు, నాలుగేళ్ల పిల్లలకు మన నగరాల్లో మిగిలింది మాల్‌లో గంటకింత అని తీసుకునే ప్లే జోన్లే. అక్కడ లైట్లూ మోతలూ ఎక్కువ, పిల్లవాడు కనిపెట్టేది తక్కువ. ఇంకో సంగతి కూడా చెప్పాలి. చేతులతో ఆడే మ్యూజియంలో వస్తువులు పాడవుతాయి, పాడవ్వాలి. ఎక్స్‌ప్లొరేటోరియంలో మరమ్మతుల కార్ఖానా సందర్శకులకు కనపడేలా మధ్యలోనే ఉంటుంది. మన దగ్గర కొత్త యంత్రాలకు డబ్బులిస్తారు, వాటిని రోజూ బాగుచేసే మనిషికి జీతమివ్వరు. ఆర్నెల్లకు ‘మరమ్మతులో ఉంది’ అనే చీటీ వేలాడుతుంది. చీటీ చూసిన పిల్లవాడు మళ్లీ రాడు.

నిజానికి మొదలుపెట్టడానికి వంగపండు రంగు భవనం అక్కర్లేదు. జిల్లా గ్రంథాలయంలో ఒక గది, మున్సిపల్ పార్కులో ఒక షెడ్డు చాలు. నడుము ఎత్తు నీళ్ల తొట్టి, సబ్బునీళ్లు, తీగతో వంచిన వలయాలు, నాలుగు అద్దాలు, పాత సైకిలు చక్రాలు, వాటిని బాగుచేసే ఒక మెకానిక్, పిల్లల్ని తిట్టని ఒక మనిషి. ఇవన్నీ ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. మీ వార్డు కౌన్సిలర్‌నూ, గ్రంథాలయ సంస్థ అధ్యక్షుడినీ కలిసి ఆ గది అడగండి. ఇంజినీర్లూ పదవీ విరమణ చేసిన సైన్సు మాస్టార్లూ తలా ఒక వస్తువు చేసిపెట్టండి. అమెరికాలో స్థిరపడి సొంతూరికి ఏదైనా చేయాలనుకునేవాళ్లకు నాదో విన్నపం: ఊరికి స్వాగత తోరణం కట్టించే డబ్బుతో ఆ గది కట్టించండి, మరమ్మతు చేసే మనిషి జీతం పదేళ్లకు సరిపడా బ్యాంకులో వేయండి.